ఒక ట్రాన్స్‌పాండరు ఆత్మకథ

పిలిచినవారికి బదులు పలుకుటయే నా కులధర్మము. భూమిమీది రాడారు 1030 మెగాహెర్ట్‌జ్ పౌనఃపున్యమున నన్ను ప్రశ్నింపగా, 1090 మెగాహెర్ట్‌జ్‌పై నా నాలుగంకెల సంకేతమును, నేనున్న ఎత్తును విన్నవింతును. రెండవ ప్రపంచయుద్ధమున స్వపక్ష విమానమేదో, పరపక్ష విమానమేదో తేల్చుటకై పుట్టిన యంత్రములు నాకు పితామహులు. ఆ వైరములు గడచిన పిదప మావారు జెట్టు విమానములలో నమర్చిన టీకాస్ అను ఢీనివారణ యంత్రములకును సమాధానము చెప్పుచు, ఆకాశమున విమానములు ఒకదానినొకటి ఢీకొనకుండ కాపాడు వృత్తి నవలంబించిరి. ఇందు కొంత డంబము కలదందురేమో. వంశప్రశస్తి లేని ఆత్మకథ ఎక్కడ నున్నది?

నన్ను మాత్రము ఇంజను లేని గ్లైడరులో బిగించిరి. అమెరికాలోని నెవాడా రాష్ట్రమున మిండెన్ అను ఊరు కలదు. సియెరా నెవాడా పర్వతములను దాటివచ్చు గాలి లేపెడి తరంగములను, ఎండకు కాగిన కొండలనుండి ఎగయు వేడిగాలులను ఆశ్రయించి గ్లైడరులు అచట మిగుల ఎత్తులకు పోవును. ఇంజను లేనిచోట జనరేటరు ఉండదు గదా! రేడియోకును నాకును బాటరీయే దిక్కు. రాబడి చాలని ఉమ్మడి కుటుంబమున మొదట చిన్నకోడలి పాలు కోతపడినట్లు, విద్యుత్తు పొదుపు చేయవలసివచ్చినపుడు మొదట ఆపబడునది నేనే.

2006 ఆగస్టు 28వ తేదీన జరిగినదియు నదియే. దూరము పోవు తలంపు లేనందునను, రేడియోకు బాటరీ మిగుల్చుకొనవలెననియు మా చోదకుడు నా మీట వేయలేదు. రీనో నగరమునకు దిగివచ్చుచున్న హాకర్ జెట్టులో ఐదుగురుండిరి. సుమారు 16,000 అడుగుల ఎత్తున మేము దాని త్రోవలో నుంటిమి. దాని టీకాస్ ఎంత అడిగినను మూగనైన నేనేమి బదులీయగలను? కన్నులతో చూచి తప్పుకొనవచ్చునందురా, ఎదురుపడి ఢీకొనబోవు వస్తువు అద్దముపై ఒకేచోట నిలిచినట్లుండి, చివరి క్షణములలో గాని పెద్దది కాదు. ఎదుటినుండి చూచినచో గ్లైడరు రెక్క ఒక సన్నని గీత మాత్రమే. ఢీకొన్నంతనే జెట్టు ముక్కు బ్రద్దలై, ఒక ఇంజను ఆగిపోయి, చక్రములు దింపకయే అది కార్సన్ సిటీలో వాలినది. మా చోదకుడు పారచ్యూటుతో దూకెను. ఎవ్వరును మరణింపకుండుట కేవలము భాగ్యవిశేషము.

అమెరికా నియమము 10,000 అడుగులకు పైన మమ్ము తప్పనిసరి చేయుచునే, గ్లైడరులను, బెలూనులను, ఇంజనుచే విద్యుత్తు పుట్టింపని విమానములను మినహాయించినది. ఆ మినహాయింపును గ్లైడరులకు తొలగింపుడని 2008లో అచటి జాతీయ రవాణా భద్రతా మండలి కోరినది. 2015లో ఫెడరల్ విమానయాన సంస్థ తత్ప్రతిపాదనపై ప్రజాభిప్రాయమును వేడినది. ఖర్చు వేల డాలర్లనియు, బాటరీ బరువనియు, ఇరుకైన పరికరముల పలకపై చోటు లేదనియు, జెట్టులు రాని మారుమూల మైదానములపై ఎగురువారికి ఈ భారమెందుకనియు గ్లైడరువారు వాదించిరి. వారిని తప్పుపట్టజాలను. మా పూర్వులు బరువైనవారు, విద్యుత్తును విపరీతముగా మ్రింగెడివారు. ఆ కాలమునకు మినహాయింపు న్యాయమే. ఇపుడు మేము తేలికపడితిమి, మితాహారులమైతిమి. అయినను అరచేయి వెడల్పు పలకపై మాకును చోటు కావలెను, చోదకుని పర్సుకును భారమే.

కావున నా తీర్పు ఇది. జెట్టులు దిగివచ్చు త్రోవలలో, పెద్ద విమానాశ్రయముల చుట్టుప్రక్కల, గ్లైడరులకు నేను తప్పనిసరి కావలయును. జెట్టుల జాడ లేనిచోట వారిని వారి గాలికి వదలవలయును. నియమకర్తలారా, నన్ను మోయుడని మాత్రము వ్రాసి ఊరకుండకుడు. ఎగిరినంతసేపు నాకు చాలునంత బాటరీ ఉండవలెననియు, నా మీట వేసియే ఉంచవలెననియు అందే వ్రాయుడు.