కిటికీ తెరవలేని సర్వాధికారి

లైనక్స్‌లో రూట్ అని ఒక ఆసామి ఉన్నాడు. ఒక్క లైనుతో డిస్కంతా తుడిచిపెట్టగలడు, అడిగే నాథుడు లేడు. అదే ఎడిటర్ కిటికీ ఒకటి తెరవమనండి, డిస్‌ప్లే అందడం లేదంటాడు. డిస్కుల చిట్టా ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో నేను చేర్చాల్సింది ఒకే లైను. దానికి రోజుల తరబడి ఈ పంచాయితీ.

ఒకప్పుడు ఎడిటర్ పేరుకు ముందు జీకేసుడో అని కొడితే చిన్న పెట్టె వచ్చి పాస్‌వర్డ్ అడిగేది, పనైపోయేది. ఉబుంటు లైనక్స్ 18.04 నాటికి దాన్ని తీసేశారు. బదులుగా పీకేఎగ్జెక్ వాడుకోమన్నారు. కిటికీ తెరవాలంటే దానికి ప్రోగ్రాముకో పాలసీ ఫైలు కావాలి, ఆ ఫైలు పెట్టాలంటే మళ్లీ రూట్ కావాలి! తీరా 2022 జనవరిలో తేలిందేమిటంటే, ఆ పీకేఎగ్జెక్‌లోనే 2009 నుంచీ ఓ కన్నం ఉందట. మెషీన్‌లో అకౌంటున్న ఎవడైనా దూరి రూట్ అయిపోగలిగేవాడట. పద్ధతిగా తలుపు కొట్టినవాడికే ప్రవేశం లేదు.

అన్నట్టు, ఫెడోరా లైనక్స్‌లో రూట్ అధికారం అరువిచ్చే సుడో ఆదేశాన్ని మొదటిసారి వాడితే మూడు సూక్తులు వినిపిస్తుంది. ఒకటి, ఇతరుల గోప్యతను గౌరవించు. మా ఇంట్లో నేను కంప్యూటరు ముందు కూర్చుంటే వెనక నిలబడి అందరూ చదువుతారు. సూక్తి మాత్రం నాకే. రెండు, కొట్టేముందు ఆలోచించు. ఈ మాట ఆదేశం కొట్టి ఎంటర్ నొక్కాక చెబుతుంది, పెళ్లయ్యాక జాతకాలు చూసినట్టు. మూడు, అధికారంతో పాటు బాధ్యతా వస్తుంది. బాధ్యత వచ్చిందండీ, అధికారమే దారిలో ఎక్కడో ఆగిపోయింది. ఇంతా బోధించి పాస్‌వర్డ్ అడుగుతుంది. కొడుతుంటే ఒక్క చుక్కయినా కనబడదు. కీబోర్డు చచ్చిందేమోనని వైరు పీకి మళ్లీ పెట్టినవాళ్లున్నారు.

న్యాయంగా చెప్పాలంటే, రూట్‌కు కిటికీలు వద్దన్నవాళ్ల భయమూ నిజమే. ఫాంట్లు, థీములు, బొమ్మలు గీసే సరంజామా అంతా రూట్ హోదాతో నడిస్తే, అందులో ఏ మూల లోపమున్నా యంత్రం మొత్తం మునుగుతుంది. కేట్ ఎడిటర్ మామూలుగానే నడిచి, సేవ్ చేసేటప్పుడు మాత్రం పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇదీ మర్యాద. మిగతావాళ్లకు ఈ బుద్ధి ఎప్పుడొస్తుందో!

“టెర్మినల్లో నానో ఎడిటర్‌తో రాసి పడెయ్యొచ్చుగా మామయ్యా” అంటాడు మా మేనల్లుడు. రాస్తాను, ఏం చేస్తాను. కానీ ఒకప్పుడు ఆఫీసులో కుర్రాళ్లను చుట్టూ కూర్చోబెట్టుకుని జీకేసుడో నేర్పినవాణ్ణి నేను. శ్రద్ధగా రాసుకున్నారు పాపం. వాళ్లలో ఎవరో ఇప్పటికీ అదే కొట్టి, రాకపోతే తమదే పొరపాటనుకుని, స్పెల్లింగు సరిచూసుకుంటూ ఉంటారేమో.