కబురు చేస్తాం

మా ముగ్గురక్కల పెళ్ళిచూపులూ చూస్తూ పెరిగినవాణ్ణి. ఫలహారం తిని, కాఫీ తాగి, "ఇంటికెళ్ళి కబురు చేస్తాం" అని లేచినవాళ్ళెవరూ కబురు చేయలేదు. ఆ మాట చెవిన పడగానే అమ్మ లోపలికెళ్ళిపోయేది. నాన్న వీధి గుమ్మం దాకా సాగనంపి వచ్చి, ఆ సంబంధం ఊసు మళ్ళీ ఎత్తేవాడు కాదు. పన్నెండేళ్ళకే నాకా మాటకు అర్థం తెలుసు. ముప్పై ఎనిమిదేళ్ళప్పుడు టోక్యోలో అలాంటి మాటే విని, ఒప్పుకున్నారని రాసుకున్నాను.

2018లో ఒక జపాన్ కంపెనీ కొనుగోళ్ళ విభాగానికి సాఫ్ట్‌వేర్ రిక్వైర్‌మెంట్లు సేకరించడానికి హైదరాబాద్ నుంచి వెళ్ళాను. వెళ్ళేముందు శిక్షణ కూడా ఇచ్చారు. అమెరికా మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1976లో రాసిన 'బియాండ్ కల్చర్' గురించి, సగం అర్థాన్ని సందర్భానికే వదిలేసే సమాజాల గురించి చెప్పారు. అన్నీ నోట్ చేసుకున్నాను. అక్కడ దిగాక ఎక్సెల్ షీటు తెరిచాను. ప్రతి ప్రశ్నకూ అవునా, కాదా.

అడిగినప్పుడల్లా వాళ్ళు "హై" అనేవారు. నిఘంటువులో దానికి అవును అనే ఉంటుంది. కానీ మాట మధ్యలో వచ్చే "హై" మన ఊఁ కొట్టడం లాంటిది. ఊఁ కొట్టినవాడు వింటున్నాడు, అంతే.

అక్కడ కొనుగోలు ప్రతిపాదనను కింది ఉద్యోగి రాస్తాడు. ఆ కాగితం బల్ల నుంచి బల్లకు తిరుగుతుంది, చూసినవాళ్ళంతా హాంకో ముద్ర వేస్తారు. ఆ పద్ధతి పేరు రింగి. కాగితం కదలకముందే ఒక్కొక్కరినీ విడిగా కలిసి మాట్లాడతారు. దాన్ని నెమవాషి అంటారు: చెట్టును వేరేచోట నాటేముందు వేళ్ళ చుట్టూ తవ్వి సిద్ధం చేయడం. నాకు అదంతా జాప్యంగానే కనిపించింది. ఏడు ముద్రలెందుకు, మేనేజరు ఒక్క బటన్ నొక్కితే చాలదా అని అడిగాను. ఎదురుగా ఉన్న పెద్దాయన పళ్ళ సందు నుంచి గాలి పీల్చి, కాసేపు ఊరుకుని, "కెంతో షిమాసు" అన్నాడు. పరిశీలిస్తామని. ఆ వరుసకు ఆకుపచ్చ రంగు వేశాను.

మా బ్రిడ్జ్ ఇంజినీరు శ్రీకాకుళం అమ్మాయి. మా టీముకూ క్లయింటుకూ మధ్య మాట చేరవేసేది తనే. సాయంత్రం స్టేషనుకు నడుస్తూ "సార్, ఆయన వద్దన్నారండీ" అంది.

"ఎక్కడన్నారమ్మా? నోట్సులో లేదే."

"అనలేదు సార్. ఊరుకున్నారు కదా."

ఊరుకోవడాన్ని నోట్సులో ఎలా రాస్తామన్నాను. తను ఇంకేం మాట్లాడలేదు. అదీ నాకు అర్థం కాలేదు.

ఆరు నెలల తర్వాత టెస్టింగులో ఎవరూ కోప్పడలేదు. తెర మీద చూసి, ప్రింటు తీసి, ఎప్పట్లాగే ముద్రలకు పంపారు. అప్రూవల్ భాగమంతా తిరగరాయాల్సి వచ్చింది.

మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ పెద్దాయన బల్ల పక్కన ఒక రోజంతా ఏమీ అడగకుండా కూర్చున్నాను. ముద్రను నిటారుగా కాక, పై అధికారి ముద్ర వైపు కాస్త వాల్చి వేశాడు, తల వంచినట్టు. కొన్ని ఆఫీసుల్లో అది మర్యాదట. ఏడుగురూ ముద్ర వేసిన కాగితం రేపు బెడిసికొడితే నింద ఏ ఒక్కడి నెత్తినా పడదు. నేను తీసేయమన్నది ఆ అండని. (2020లో, కోవిడ్ రోజుల్లో, ముద్ర కోసమే జనం ఆఫీసులకు రావాల్సి వస్తోందని అక్కడి ప్రభుత్వమే తన పత్రాల్లో హాంకో తగ్గించడానికి పూనుకుంది. అది వాళ్ళలో వాళ్ళు తేల్చుకున్న సంగతి.)

అసలు చెప్పాల్సింది ఇంకా చెప్పలేదు. ఆలస్యానికి కారణం రాయమని పైవాళ్ళు అడిగితే "అనువాద లోపం" అని రాశాను. నా రిపోర్టు మీద ఒక్క సంతకమే, నాది. నింద మాత్రం ఆ అమ్మాయి మీద పడింది. ఆ ఏడు తనకు ప్రమోషన్ రాలేదు. నన్నొక్క మాట అడగలేదు. కొన్నాళ్ళకు ఉద్యోగం మానేసింది. ఆఖరి రోజు నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. ఫోన్ చేస్తుండమ్మా అన్నాను.

కాసేపు ఊరుకుని, "చూద్దాం సార్" అంది.