కోటు లోపలి వాన

వానలో రెయిన్‌కోటు లేకుండా సైకిలు తొక్కితే తడుస్తాం. వేసుకుని తొక్కినా తడుస్తాం. మొదటిదాంట్లో డబ్బులు మిగుల్తాయి. ఆషాఢం నుంచీ పాలకొల్లు రోడ్ల మీద తిరిగి నేను తెలుసుకున్నది ఇంతే. ఇంతటితో ఊరుకుందామంటే మనసొప్పడం లేదు. పదిహేను వందలు పోసి కొన్నాను మరి.

కొట్టాయన అబద్ధం చెప్పలేదు. "చుక్క లోపలికి రాదండి, ఆయ్" అన్నాడు. నిజంగానే రాలేదు. లోపల పుట్టిన చుక్కలకి ఆయన పూచీ లేదు. గాంధీబొమ్మల సెంటరు నుంచి పూలపల్లి దాకా తొక్కి, కోటు విప్పి, చొక్కా పిండితే నీళ్ళు ధారగా కారాయి. కోటు మీద పడింది వాన. కోటు కింద కారింది నేను.

సైకిలు తొక్కే మనిషికి గంటకి అర లీటరు చెమట పట్టడం వింతేమీ కాదు. అది పోవడానికి దారుండాలి. దారి లేకపోవడమే రెయిన్‌కోటు గొప్పతనం. ఈ గొడవ ఇవాళ్టిదా? 1823లో స్కాట్లాండులో చార్లెస్ మాకింతోష్ అనే పెద్దమనిషి రెండు గుడ్డల మధ్య రబ్బరు పూసి పేటెంటు పుచ్చుకున్న నాటి నుంచీ ఉంది. ఆయన కోటు చలికి బిర్రబిగిసేది, ఎండకి జిగురెక్కేది, కంపు సరేసరి. మనవైపు 1920లో సురేంద్రమోహన్ బోసు కలకత్తాలో కార్ఖానా పెట్టి డక్‌బ్యాక్ కోట్లు తయారు చేయించాడు. బాతు వీపు మీద నీళ్ళు నిలవవని ఆ పేరు. బాగానే ఉంది గానీ, బాతు సైకిలు తొక్కదు. దానికి చెమట కూడా పట్టదు.

సియాటిల్లో ఉన్న మా మేనల్లుడు ఫోన్లో నా గోడు విని, "మావయ్యా, గోర్‌టెక్స్ కొనుక్కో. అది ఊపిరి పీలుస్తుంది" అన్నాడు. 1969లో అమెరికాలో రాబర్ట్ గోర్ అనే ఆయన టెఫ్లాన్ కడ్డీని వేడిచేసి మెల్లిమెల్లిగా సాగదీస్తుంటే అది తెగిపోతోందట. విసుగొచ్చి ఒక్క లాగు లాగాడు. తెగకుండా సాగింది. అందులో కంటికి కనపడని కన్నాలు పుట్టాయి. నీటి బొట్టు పట్టదు, ఆవిరి పడుతుంది. విసుగులోంచి ఇంత మంచి వస్తువు పుట్టగలిగితే నా దగ్గర్నుంచి ఇప్పటికి ఒక పరిశ్రమ రావాలి. సరే, ధర కనుక్కున్నాను. నా సైకిలు అమ్మితే ఆ కోటుకి ఒక చెయ్యి వస్తుంది.

పోనీ అప్పో సప్పో చేసి కొన్నామే అనుకోండి. లోపలి ఆవిరి బయటికి పోవాలంటే బయట గాలి లోపలికంటే పొడిగా ఉండాలి. అది సియాటిల్లో ఉంటుందేమో. శ్రావణమాసంలో పాలకొల్లు గాలి అప్పటికే నిండా తాగి ఉంటుంది. దాన్ని ఇంకొంచెం పుచ్చుకోమంటే పుచ్చుకోదు.

అసలీ కోట్లన్నీ మోటారు సైకిలు వాళ్ళ కొలతలకి కుట్టినవి. హ్యాండిలు మీదికి వంగితే చేతులు ముంజేతి సగానికి వెళ్ళిపోతాయి. మెడ తిప్పితే తల తిరుగుతుంది గానీ టోపీ తిరగదు. వెనక లారీ వస్తోందా అని చూస్తే టోపీ లోపలి కుట్టు కనపడుతుంది. ప్యాంటు కాలు చైన్లో పడుతుంది. దానికి మా ఇంట్లో బట్టల క్లిప్పు వాడుతున్నాం. తొక్కుతున్నంతసేపూ ఒళ్ళో నీళ్ళు నిలుస్తాయి. దిగమర్రు చేరేసరికి వనామీ రొయ్యల సీడు వదలొచ్చు. దిగగానే ఆ చెరువంతా తిన్నగా బూట్లలోకి. ఇవన్నీ చాలనట్టు ముందు వెళ్ళే చేపల వ్యాను ఐసు నీళ్ళు కారుస్తూ పోతుంది. ఆ వాసన చొక్కాకి ఒక ఉతుకుతో వదుల్తుంది, రెయిన్‌కోటుకి వదలదు.

ఇక సీటు. కోటు సంగతి రాస్తూ సీటు గురించి ఎత్తకూడదు గానీ, ఎవరి బాధ వాళ్ళది. సైకిలు సీటు రెక్సిను ఏడాది తిరక్కుండా పగుల్తుంది. లోపలి స్పాంజి వాన నీళ్ళు తాగి, ఏమీ ఎరగనట్టు ఉంటుంది. మనం కూర్చున్నాక కక్కుతుంది. పైన ఎంత ఖరీదైన కోటుంటేనేం, వెనక పడాల్సిన అచ్చు పడుతుంది. కాబట్టి సీటుకి ప్లాస్టిక్ కవరు తొడగాలి.

అసలు కథ ఇక్కడుంది. మా ఊళ్ళో తాళం వెయ్యని సైకిలు సాయంత్రం దాకా నిలబెట్టినా ఎవరూ ముట్టుకోరు. సీటు మీది కవరు మాత్రం, మీరు బెండకాయల బేరం ముగించేలోపు మాయం. పట్టుకెళ్ళినవాణ్ణి దొంగ అనడానికి నోరు రాదు, అతని సీటూ తడుస్తోంది కదా. ఒకసారి నా కవరుని రైల్వేస్టేషను దగ్గర వేరే సైకిలు మీద చూశాను. మూలన నేను వేసిన ముడి ఉన్నది ఉన్నట్టే ఉంది. "ఏవండీ, ఆ కవరు నాదండి" అంటే, "మీ పేరు రాసుందాండి?" అంటారు. దాని మీద రాసున్న పేరు చీరల కొట్టువాడిది.

కవర్లలోనూ కులాసా కవర్లు, కష్టాల కవర్లు ఉన్నాయి. చీరల కొట్టు కవరు అన్నిటికీ పెద్ద. మందం, వెడల్పు, కింద ముడెయ్యడానికి రెండు చేతులు. మిఠాయి కొట్టుది గట్టిదే గానీ చీమల్ని వెంట తెస్తుంది, ఆ సంగతి కూర్చున్నాక తెలుస్తుంది. మందుల షాపుది పిల్లల సైకిలుకి కూడా చాలదు. కిరాణా కొట్టు నల్ల కవరు గాలి పట్టినా చిరుగుతుంది. దాన్ని ఎవరూ ఎత్తుకుపోరు. నాలుగు రోజులు వరసగా నా సీటు మీద ఉన్న కవరు అదొక్కటే.

ఈలోపు చట్టం వచ్చింది. క్యారీబ్యాగు మందం 2021 సెప్టెంబరు 30 నుంచి కనీసం 75 మైక్రాన్లు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు ఉండాలన్నారు. మంచిదే, మన కాలవల్లో తేలే చెత్త చూస్తే ఎవరూ కాదనలేరు. దాంతో కొట్లవాళ్ళు గుడ్డలా కనపడే సంచుల్లోకి దిగారు. దాన్ని సీటుకి తొడిగితే నీళ్ళు ఆపకపోగా వడకట్టి మరీ లోపలికి పంపుతుంది. అసలైన పాత కవరుకి గిరాకీ పెరిగింది. మా ఆవిడ బీరువాలో అలాంటివి ఒక దొంతర ఉన్నాయి. ఒక్కటిమ్మని బతిమాలితే, "చీరైనా ఇస్తాను గానీ కవరివ్వనండి" అంది.

ఏం చెప్తున్నాను? కోటు. కొనడం సుఖం, కాపాడుకోవడం నరకం. పీవీసీ కోటుని తడిమీద మడిచి సంచిలో కుక్కితే మర్నాటికి మడతలు అంటుకుపోతాయి. ఎండలో ఆరేస్తే బిరుసెక్కి పగుల్తుంది. ఇస్త్రీ చేస్తే ఇస్త్రీపెట్టెకే రెయిన్‌కోటు తొడిగినట్టు. పాలియెస్టరు మీద పాలియురెథేన్ పూత పూసిన రకం కాస్త మర్యాదస్తురాలు, తేమా వేడీ కలిసి రానంతవరకే. ఆ రెండూ కూడబలుక్కుంటే పూత జిగటెక్కి పొలుసులుగా రాలిపోతుంది. తేమా వేడీ కలవని చోటు గోదావరి జిల్లాల్లో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, స్థలం కొనుక్కుందాం. సర్ఫులో నానెయ్యకూడదు. ఆ సబ్బు మిగిలిపోతే బొట్టు జారడం మానేసి గుడ్డని పట్టుకుంటుంది. మామూలు నీళ్ళతో కడిగి, నీడన గాలికి వేలాడదియ్యాలి. కుట్ల మీది టేపు ఊడిందేమో చూసుకోవాలి. కారడం మొదలయ్యేది ఎక్కువగా అక్కడే.

నీడా, గాలీ. వానాకాలం మా ఇంట్లో ఆ రెండూ ఉన్న చోటు హాల్లో ఫ్యాను కింద. అక్కడ పిల్లల యూనిఫారాలు ముందే సీటు పట్టుకుని ఉంటాయి. వాటి పక్కన దీన్ని తగిలిస్తే, "శ్రావణ శుక్రవారం పూట నట్టింట్లో ఆ శవమేవిటండీ, దించండి" అని కేక.

మొన్న తెల్లారకుండా వాన దంచుతుంటే పేపరబ్బాయి వచ్చాడు. అతనికి రెయిన్‌కోటుంది, మంచిదే. దాన్ని క్యారేజీ మీది పేపర్ల కట్టకి తొడిగి, రెండు చేతులూ ముడేసి బిగించాడు. తను మాత్రం ముద్దగా తడిసి ఉన్నాడు. "నువ్వు వేసుకోవచ్చు కదరా" అన్నాను. "నేను ఆరతానండి. పేపరు ఆరదండి" అన్నాడు. పేపరు కరకరలాడుతోంది. చదవబుద్ధి కాలేదు.

వానలో నేను సైకిలు మీద కనపడితే ఎదురైనవాళ్ళంతా "బండి పాడైందాండి?" అని పరామర్శిస్తారు. తాపీ పనికి పోయేవాణ్ణి, రొయ్యల చెరువు కాపలాకి పోయేవాణ్ణి, పాలు పోసేవాణ్ణి ఎవరూ అడగరు. వాళ్ళు తడవడం ఊరికి అలవాటైపోయింది. కొట్టుకి వచ్చి కోటు కొనేవాడికి మోటారు సైకిలు ఉంటుందని కుట్టేవాళ్ళ లెక్క. రోజూ వానలో తొక్కేవాడి ఒంటి కొలత ఎవరూ తీసుకోలేదు.

అతను తన కొలత తనే తీసుకున్నాడు. యూరియా సంచి. ఒక మూలని ఇంకో మూలలోకి దోపి నెత్తిన తగిలిస్తే తలా వీపూ తడవవు, ముందూ కిందా తెరిపే కాబట్టి గాలాడుతుంది. 2018లో యూరియా బస్తాని 50 కిలోల నుంచి 45కి తగ్గించారు. పొడుగువాళ్ళు పాత సంచి వెతుక్కోవాలి. అంతకుముందు తాటాకు గిడుగులు, గొంగళ్ళు చేసిన పనీ ఇదే. పైన మూసి కింద వదిలెయ్యడం. ఇంగ్లండులో సైకిలువాళ్ళు వాడిన కేపు కూడా అంతే, ముందు అంచుని హ్యాండిలు మీదికి లాగి పట్టుకోడానికి లోపల రెండు బొటనవేలి ఉంగరాలు అదనం. గాలివాన పూట దాంతో చించినాడ వంతెన ఎక్కకండి, వశిష్ఠ గోదావరిలో తేల్తారు. మిగతా రోజుల్లో మన ఉక్కకి తగినది అదే. చేతులూ జిప్పులూ ఉన్న కోటు మన వాతావరణానికి పనికిరాదు.

కాబట్టి పాలకొల్లులో టార్పాలిన్లు కుట్టే అన్నలకి ఒక మనవి. బారెడు గుడ్డ, మధ్యలో తల పట్టే కన్నం, ముందు మూలల్లో రెండు ఉంగరాలు. వచ్చే జూను లోపల ఎవరైనా కుట్టి పెట్టండి. నేను మూడు తీసుకుంటాను. నాకొకటి, పేపరబ్బాయికొకటి, పేపర్లకొకటి.