“బొమ్మ మార్చినాఁడ” పద్యమునకు టీకా తాత్పర్యము

మూలము

ఆ. బొమ్మ మార్చినాఁడఁ బుష్షు చేసితినయ్య
మెర్జు కాకపోయె మిత్రులార
యెవరు ముట్టినారొ యీ ఫైలు నా వెన్క
నిన్న నడిచె నేఁడు నిలిచిపోయె

అవతారిక

సూర్యాపేటనుండి జనగామకుఁ బోవు బాటపై నున్న తిరుమలగిరిలో, మార్కెట్ యార్డు సమీపమున మేడమీఁది గది నొకదాని నద్దెకుఁ దీసికొని, మాదాపూరునందలి యొక సంస్థకు అచ్చటినుండియే పనిచేయుచున్న యొక యువకుఁడు, అర్ధరాత్రము దాఁటిన పిమ్మట తన సహోద్యోగుల వాట్సాప్ గ్రూపులోనికిఁ బంపిన ఆటవెలఁది యిది. ఆ సంస్థ ధాన్యపు అడ్తిదారులకు, రైతుల కిచ్చు అమ్మకపు రసీదులైన తక్‌పట్టీలు వ్రాసిపెట్టు యాప్ నొకదానిని సిద్ధపఱచుచున్నది. తిరుమలగిరి మార్కెట్టు, 2016 ఏప్రిల్ 14న ఆరంభమైన ఈ-నామ్ అను జాతీయ విపణిలో తొలినాళ్ళలోనే చేరినది గాన, అచ్చటి రైతులకును సేట్లకును హమాలీలకును ధర తెరమీఁదఁ గనఁబడుట వింత గాదు. వింతలన్నియు ఆ తెరలను తయారుచేయువాని గదిలో జరుగుచుండును.

మెదకు సీమలోని కొల్చారము వాఁడైన మల్లినాథసూరి, ఆధారము లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది పలుకననియు ప్రతిన పట్టి కాళిదాస కావ్యములకు సంజీవని యను వ్యాఖ్యను రచించెను. ప్రకృత వ్యాఖ్యాత మొదటి ప్రతినను మాత్రము పాటించును. రెండవదానిని గూడఁ బాటింపఁబూనినచో సాఫ్ట్‌వేరును గూర్చి వ్రాయఁదగినదేదియు మిగులదు.

ప్రథమ పాదము

బొమ్మ = ఐకానును; మార్చినాఁడన్ = మార్చితిని; పుష్షు చేసితిన్ = నా బ్రాంచిని సర్వరునకుఁ బంపితిని; అయ్య = ఓ టీమ్ లీడూ!

‘పెట్టినాఁడ’ ననక ‘మార్చినాఁడ’ ననుటచేత, అంతకుముందే యొక బొమ్మ యుండెననియు, అది యొకరికి నచ్చకపోయెననియు ధ్వని. ఆ యొకరు యార్డులోని యొక వృద్ధుఁడైన సేటు. ఆయన ఫోనును చేయి చాఁచి దూరముగాఁ బట్టుకొని, “గీ డబ్బేంది బిడ్డా?” అని యడిగెను. “సేవ్ చేసుడు సేటూ, ఫ్లాపీ అది” యని మనవాఁడు చెప్పఁగా, “ఫ్లాపీ అంటే?” అని రెండవ ప్రశ్న వచ్చెను. దీనికి సమాధానము చెప్పుట కష్టము. 1981లో సోనీ సంస్థ వెలయించిన మూఁడున్నర అంగుళముల ఫ్లాపీ, తన వెలుఁగుదినములలో సైతము సామాన్యముగా 1.44 మెగాబైట్లకు మించి మోయలేక, తుదకు 2011లో జపానులోనే ఆ సంస్థచేత విక్రయము మానఁబడి, దేహమును విడిచియు బొమ్మగా మాత్రము ప్రతి తెరమీఁదను నిలిచియున్నది. దానిని కంటితోఁ జూడని యువకుఁడు, దాని పేరే వినని వృద్ధునకు వివరించుచుండఁగా, ప్రక్కన హమాలీలు బస్తాలు కాంటాకెత్తుచు నవ్వుకొనిరఁట.

కావున కవి తక్‌పట్టీకిఁ దగిన బొమ్మను వెదకఁబూనెను. రసీదు దొరకెను, దానిపై డాలరు గుర్తు. మూట దొరకెను, దానిపైనను డాలరు గుర్తే. ధాన్యమునకై వెదకఁగా గోధుమ వెన్నులు వేనవేలుగా వచ్చెను గాని, బావుల క్రిందను ఎస్సారెస్పీ కాలువ క్రిందను వరి పండించు సీమలో గోధుమ వెన్నును జూపినచో సేటు మూఁడవ ప్రశ్న వేయుననుట నిశ్చయము. ఉచితమని ప్రకటించిన వానిలోఁ గొన్నింటికి చిత్రకారుని పేరును యాప్‌లోఁ జూపవలెనను నిబంధన. మఱికొన్నింటిపై వ్రేలు మోపఁగానే మూలను చిన్న కిరీటమొకటి మెఱసి, నెలసరి చందా నడుగును. తుట్టతుదకు ‘వెనుక రంగు లేని’ బొమ్మ యొకటి చేఁజిక్కి, డౌన్‌లోడు చేసి యాప్‌లోఁ బెట్టి చూడఁగా, రంగు లేకపోవుటకు గుర్తుగా బూడిద తెలుపులలోఁ జూపు గళ్ళు ఆ బొమ్మలోనే అచ్చుపడియుండి, తక్‌పట్టీ గళ్ళ లుంగీ పఱచినట్లు గానవచ్చెను. 1984లో వెలువడిన మాకింటాషునకు బొమ్మలు వేసిన సూసన్ కేర్ అను చిత్రకారిణి, గళ్ళ కాగితముపై నొక్కొక్క గడిని లెక్కించి నింపి బొమ్మను దేల్చెను. మన కవికి గళ్ళే దక్కెను. ఆ గళ్ళను చెఱపుటకే సాయంకాలము వెళ్ళిపోయెను. పద్యమున ఈ కథ యంతయు ‘బొమ్మ మార్చినాఁడ’ నను రెండు మాటలలో నిమిడియుండుట కవి సంయమమునకు నిదర్శనము.

పుష్షును గూర్చి విస్తరింపఁ బనిలేదు. అది యెప్పుడును సుఖముగానే జరుగును.

ద్వితీయ పాదము

మెర్జు = నా మార్పులు మూలప్రతిలోఁ గలియుట; కాకపోయెన్ = జరుగలేదు; మిత్రులార = ఓ సహోద్యోగులారా!

శంక: పుష్షు జరిగిన పిదప మెర్జు కాకపోవుట యెట్లు? సమాధానము: తన బ్రాంచిలోఁ దానొక్కఁడే తిరుగును గనుక అడ్డుపడువాఁడు లేఁడు, పదుగురు వ్రాయు మూలప్రతియైన మెయిన్‌లోఁ గలుపునపుడే చిక్కు. ప్రథమ పాదమున ‘అయ్య’ యని యొక్కనిఁ బిలిచినవాఁడు ఇచ్చట ‘మిత్రులార’ యని యందఱిని బిలుచుట యిందులకే.

ఈ కలుపుటకు సాధనమైన గిట్, 2005 ఏప్రిల్ నెలలో పుట్టినది. లినక్స్ కెర్నల్ కర్తలు అంతవఱకు వాడుచుండిన బిట్‌కీపర్‌నకు ఉచితానుమతి తొలఁగిపోఁగా, లైనస్ టోర్వాల్డ్స్ కొలఁది దినములలోనే దీనిని వ్రాసి నిలిపెను. ఇద్దఱు వేర్వేఱు చోట్ల మార్చినచో నిది మాఱుపలుకక కలుపును. ఒకే పంక్తి నిద్దఱును మార్చినప్పుడు మాత్రము తీర్పు చెప్పనొల్లక, ఫైలు నడుమ ఏడు కోణపు గుర్తులు వేసి ‘హెడ్’ అని వ్రాసి యొకరి పాఠమును, దాని క్రింద ఏడు సమాన చిహ్నములు గీసి రెండవవారి పాఠమును, తుదను మఱల ఏడు కోణములను బెట్టి ప్రక్కకుఁ దొలఁగును. కవి కంటఁబడినది: పైపాఠమున బొమ్మ వెడల్పు ఇరువదినాలుగు, క్రిందిపాఠమున ముప్పదిరెండు. ఏది సాధువో గిట్‌కుఁ దెలియదు. వ్రాసిన యిద్దఱిలో నొకఁడు సెలవుపై నున్నాఁడు.

మన వాఙ్మయమునకు మెర్జు క్రొత్త గాదు. నన్నయ అరణ్యపర్వమును నడుమ విడువఁగా, తిక్కన దానిని దాఁటి విరాటపర్వమునుండి యారంభింపఁగా, ఎఱ్ఱన వచ్చి ఆ సందును పూరించి, నన్నయతో మొదలై తిక్కనకుఁ దగ్గఱగుచుఁ బోవు శైలితో నతుకును గానరాకుండఁజేసెను. తిరుమలగిరికి మిగుల దూరము గాని బమ్మెరకుఁ జెందినవాఁడని చెప్పఁబడు పోతన భాగవతమున శిథిలమైన భాగములలో పంచమ స్కంధమును గంగనయు, షష్ఠమును సింగనయు, ఏకాదశ ద్వాదశములను వెలిగందల నారయయుఁ బూరించిరి. పూరించిన స్కంధములకు వారి వారి పేళ్ళును నిలిచియున్నవి. కాన్‌ఫ్లిక్టు లేకుండుటకుఁ గారణము సులభము: పోతన మఱల వచ్చి ముప్పదిరెండు ఇరువదినాలుగుగా మార్చఁడు.

తృతీయ పాదము

ఎవరు ముట్టినారొ = ఎవ్వరు మార్చిరో; ఈ ఫైలు = ఈ ఫైలును; నా వెన్క = నేను చూడనపుడు.

ఇది ప్రశ్న గాదు, నింద. ఏలయన, ఎవరు ముట్టిరో యెఱుఁగుట సులువు. గిట్ ప్రతి మార్పునకును నలువది అక్షరముల ముద్ర నొకదానిఁ గట్టి, కర్త పేరును గడియను దాఁచియుంచును. ‘బ్లేమ్’ అను ఆజ్ఞ నొసఁగినచో ప్రతి పంక్తి కెదురుగను దానిని కడపట ముట్టినవారి పేరు వచ్చును. కవి యా యాజ్ఞ నొసఁగెను. పై పంక్తినుండి క్రింది పంక్తివఱకు నొక్కటే పేరు: క్రొత్తగాఁ జేరిన యింటర్నుది. ఆమె ఫార్మాటరును నడపి, పంక్తుల మొదటి ఖాళీలను సవరించినది. అంతకుమించి యా ఫైలులో నేమున్నదో యామె యెఱుఁగదు. ఖాళీలను దిద్దిన పాపమునకు సమస్త కర్తృత్వము నామెకు సంక్రమించినది.

కవి యామె మార్పునకు వెనుకకుఁ బోయి పూర్వపు మార్పులను జూడఁగా, ఒక్కొక్కదానికి వ్రాసిన సందేశము లిట్లున్నవి: ‘ఫిక్స్’, ‘ఫైనల్ ఫిక్స్’, ‘ఇది పక్కా’, ‘చిన్న చేంజ్’. ‘చిన్న చేంజ్’ నందు మూఁడువందల పంక్తులు మాఱినవి. ఈ వ్యాఖ్యాతకుఁ దోఁచునది చెప్పవలెనన్న నిచ్చటనే చెప్పవలెను. పురుగు తిన్న తాళపత్రమును బూరించినవారికి లోపించినది పాఠము. అచ్చట నేమి యుండఁదగునో వారెఱుఁగుదురు. గిట్‌ను దెఱచినవానికి పాఠ మెల్లఁ జిక్కును. ఏ కామా యే రాత్రి యే పంక్తినుండి తొలఁగెనో చిక్కును. ఎందులకుఁ దొలఁగెనో యనునది మాత్రము, తొలఁగించినవాఁడు వ్రాయలేదు గనుక, మల్లినాథుఁడు మఱల పుట్టినను దొరకదు. యంత్రము మఱచిపోవుటలేదు, మనుష్యుఁడు చెప్పుటలేదు. జీతము పెరిగి వేఱొక సంస్థకుఁ బోయిన వానికి ఫోను చేసి, “అన్నా, ఆ ముప్పైరెండు ఎందుకు పెట్టినవ్?” అని యడుగువాఁడు, “నేను పెట్టిన్నా?” యను ప్రత్యుత్తరము కంటె నెక్కువ పొందఁడు.

చతుర్థ పాదము

నిన్న = నిన్నటి దినమున; నడిచెన్ = పనిచేసెను; నేఁడు = ఈ దినమున; నిలిచిపోయెన్ = ఆఁగెను.

నిన్న నేఁడు అను కాలవాచకములు రెండును ఇచ్చట స్థలవాచకములుగా గ్రహింపఁదగును. నిన్న యనఁగా కవి ల్యాప్‌టాపునందు; నేఁడనఁగా సర్వరునందు. ఎవ్వరును ముట్టకయే నడుచునది నిలుచుట లోకమున నున్నదే: 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ యను నొక్క తెలుఁగక్షరము సందేశమై చేరఁగా ఐఫోనులలో యాప్‌లు కుప్పకూలినవి, ఆపిల్ సంస్థ ఆ నెలలోనే సవరణ విడుదల చేయవలసివచ్చినది. మన కవికిఁ గలిగిన యాపద కంతటి ఘనత లేదు. బొమ్మ ఫైలు పేరు ఇంగ్లీషు పెద్ద ‘టీ’తో మొదలైనది, కోడులో నతఁడు చిన్న ‘టీ’ వ్రాసెను. విండోసు ఆ రెంటిని నొక్కటిగానే తలఁచి బొమ్మను దెచ్చిపెట్టెను. సర్వరులోని లినక్స్, చిన్న ‘టీ’తో మొదలగు ఫైలు లేదని చెప్పి, బిల్డు నక్కడనే యాపెను. పెద్దబడి చిన్నబడి యక్షరములు లేని లిపిలో ఓనమాలు దిద్దినవానికిఁ బుట్టిన దోష మిదియని కవి వాదము. లీడు దానిని విననొల్లక, “పేరు సరిచేసి పంపు తమ్మీ” యనెను.

సరిచేయఁబోఁగా మఱియొక విఘ్నము. పెద్ద ‘టీ’ని చిన్న ‘టీ’గా మార్చెను, విండోసుపై నున్న గిట్ ఆ మార్పును మార్పుగా నెంచక, కమిట్ చేయుటకేమియు లేదనెను. ‘గిట్ మూవ్’ అను నుపాయ మున్నదని యెఱిఁగినవారు నిద్రించుచుండిరి. కవి ఫైలునకు సరిక్రొత్త పేరు పెట్టి, పాతదానిని దీసివేసి, కమిట్ చేసెను. సందేశము: ‘ఫిక్స్’.