ఇరవై నాలుగోది

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలన్నిటికీ ఒక ఉత్తరం రాసింది. మనుషుల ప్రాణాలకు ముప్పు తెచ్చేవంటూ అందులో 23 రకాల కుక్కల పేర్లు ఇచ్చింది. పిట్‌బుల్, రాట్‌వీలర్, డోగో అర్జెంటీనో, కేన్ కోర్సో, అలా సాగింది జాబితా. రెండు రోజులు తిరక్కుండా అది విజయవాడ పటమటలోని ఒక అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. ఆ రాత్రే ఎవరో రాట్‌వీలర్ పేరు కింద ఎర్ర గీత గీసి మళ్లీ పెట్టారు.

ఆ అపార్ట్‌మెంట్‌లో రాట్‌వీలర్ ఒక్కటే ఉంది. 203లో గార్డుగారిది. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. కుక్కను కొన్నది మాత్రం ఆయన కాదు, కొడుకు. కొడుకు డాలస్ వెళ్లాడు. కుక్క ఇక్కడ మిగిలింది. కొడుకు పెట్టిన పేరు టైటన్. గార్డుగారి భార్యకు అది నోరు తిరగలేదు. బుజ్జి అని పిలిచింది. బుజ్జి బరువు యాభై కిలోలు.

ఇంతవరకూ అది ఎవరినీ కరవలేదు. కానీ కరిచేదానిలా కనబడేది. అది లిఫ్టులో ఉంటే మిగతావాళ్లు మెట్లెక్కేవారు. ఎవరికైనా మెట్లెక్కితే ఆయాసం వస్తే ఆ ఆయాసం కూడా దాని ఖాతాలోకే పోయేది.

మర్నాడు నోటీసు పడింది. "ప్రభుత్వం నిషేధించిన కుక్క విషయమై అత్యవసర సమావేశం. ఆదివారం సాయంత్రం 6 గంటలకు, సెల్లారులో. పునుగులు ఉంటాయి." సంతకం సెక్రెటరీగారిది. ఆయన బ్యాంకు మేనేజరుగా పనిచేసిన మనిషి. జనాన్ని ఎలా రప్పించాలో తెలుసు. కిందటి సమావేశంలో నీళ్ల మోటారు గురించి మాట్లాడదామంటే ఏడుగురొచ్చారు. ఈసారి కుర్చీలు చాలక షామియానా కొట్టునుంచి ఇంకో ఇరవై తెప్పించారు.

గార్డుగారు ఒక్క షరతు పెట్టారు. పశువుల డాక్టరుగారిని పిలుస్తాను, ఆయన మాట కూడా వినాలన్నారు. డాక్టరుగారు బదిలీ మీద కొత్తగా ఊళ్లోకి వచ్చారు. బుజ్జికి టీకాలు వేసేది ఆయనే. సెక్రెటరీగారు ఒప్పుకున్నారు.

మొదట మాట్లాడింది 402 ఆయన. "నేను కళ్లతో చూళ్లేదు గానీ, ఆ జాతే అంతటండీ."

"రక్తంలోనే ఉంటుందిట," అంది 104 ఆవిడ. "ఎంత పెరుగన్నం పెట్టి పెంచితే మాత్రం? బుద్ధి ఎక్కడికి పోతుంది?"

ఎవరో యూట్యూబులో ఏదో చూశామన్నారు. ఇంకొకరు అదే చూశామన్నారు. దాంతో రెండు సాక్ష్యాలయ్యాయి.

సెక్రెటరీగారు లేచారు. "నాకు వ్యక్తిగతంగా ఏ అభ్యంతరమూ లేదు. గార్డుగారు నాకు అన్నగారితో సమానం. కానీ రేపు జరగరానిది జరిగితే ఎవరిది పూచీ? పైగా ఎన్నికల కోడు. పోలీసులు పలకరు. మనమే తేల్చుకోవాలి." మినిట్స్ పుస్తకంలో తీర్మానం ముందే రాసి ఉంది. సంతకాలకు చోటు కూడా వదిలి ఉంది.

డాక్టరుగారు ఆ ఉత్తరం ప్రింటు అడిగి తీసుకున్నారు. కళ్లజోడు పెట్టుకుని చదివారు.

"దిగుమతి చేసుకోవద్దన్నారు, పిల్లలు తీయించవద్దన్నారు, అమ్మవద్దన్నారు. ఇళ్లలో ఇప్పటికే ఉన్నవాటికి ఆపరేషన్ చేయించమన్నారు. ఇంట్లోంచి వెళ్లగొట్టమని ఇందులో ఎక్కడా లేదండీ. బుజ్జికి ఆపరేషన్ అయిపోయింది."

"మెజారిటీతో తీర్మానం చేస్తే?" అన్నారు సెక్రెటరీగారు.

"జంతు సంక్షేమ మండలి 2015లోనే చెప్పింది. అందరూ చేతులెత్తినా సరే, అపార్ట్‌మెంట్‌లో కుక్కను పెంచుకోవద్దనడానికి వీల్లేదు."

ఆ మాట ఎవరికీ రుచించలేదు. అందరూ చేతులెత్తినా కుదరని పని ఒకటి ఉంటుందని ఆ సెల్లారులో అంతకుముందు ఎవరూ అనలేదు. సెక్రెటరీగారు దాన్ని పుస్తకంలో రాయలేదు.

డాక్టరుగారు చట్టం పక్కన పెట్టి వేరే మాట అడిగారు. "ఈ అపార్ట్‌మెంట్‌లో ఎప్పుడైనా ఎవరినైనా కుక్క కరిచిందా?"

ఎవరూ పలకలేదు. పునుగుల బుట్ట దగ్గర నిలబడ్డ వాచ్‌మన్ గొంతు సవరించుకున్నాడు.

"మా పిల్లోణ్ణి కరిచిందండి. దీపావళప్పుడు. గవర్నమెంటాసుపత్రికి నాలుగుసార్లు తిప్పానండి ఇంజెక్షన్లకి."

"ఏ కుక్క?"

వాచ్‌మన్ 401 మేడమ్ వైపు చూశాడు. మేడమ్ ఒళ్లో తెల్లటి పొమరేనియన్ ఉంది. దాని మెడలో గంట.

"అది కరవడమేంటండీ," అన్నారు మేడమ్. "ఆడుకుంటూ పట్టుకుంది. ఆ పిల్లాడే దాని తోక లాగాడు."

జాబితాలో పొమరేనియన్ లేదు. సెక్రెటరీగారు వేలు పెట్టి మొదటినుంచి చివరిదాకా వెతికి మరీ చెప్పారు.

"జాబితాలో లేని పేర్లు చాలా ఉన్నాయండీ," అన్నారు డాక్టరుగారు. "ఉన్నవాటిలో కూడా కొన్ని జాతులే కావు. చివర బ్యాండాగ్ అని రాశారు చూడండి, అదొక జాతి కాదు. టెర్రియర్స్ అని ఒక్క మాట రాసి ఊరుకున్నారు. ఒళ్లో కూర్చోబెట్టుకునే కుక్కలు కూడా టెర్రియర్లలో ఉన్నాయి." ఆగి, "ఒకసారి బుజ్జిని కిందికి తీసుకురండి" అన్నారు.

ముందు వరుస కుర్చీలు ఖాళీ అయ్యాయి. కొందరు కార్ల వెనక్కి వెళ్లారు. పిల్లల్ని లిఫ్టు దగ్గరికి పంపేశారు. సెక్రెటరీగారు అధ్యక్ష స్థానంలో ఉన్నారు కాబట్టి కదలడానికి లేకపోయింది.

గార్డుగారు గొలుసు పట్టుకున్నారు. బుజ్జి వచ్చింది. వెనకాల గార్డుగారి భార్య వచ్చి కుర్చీలో కూర్చుంది. బుజ్జి ఆవిడ కాళ్ల దగ్గర కూలబడింది. సెక్రెటరీగారికీ దానికీ మధ్య నాలుగడుగులు.

సెక్రెటరీగారి చేతిలో ప్లేటు వణికింది. ఒక పునుగు జారి నేల మీద పడింది. దొర్లుకుంటూ వెళ్లి సరిగ్గా బుజ్జి ముందు కాలి దగ్గర ఆగింది.

వేడి పునుగు. అల్లం పచ్చడి కూడా అంటుకుని ఉంది. బుజ్జి దాన్ని చూసింది. ముక్కు కదిలింది. చొంగ కారింది. నోరు మాత్రం పెట్టలేదు. తలెత్తి గార్డుగారి భార్య మొహంలోకి చూసింది. మళ్లీ పునుగును చూసింది. మళ్లీ ఆవిణ్ణి చూసింది.

సెల్లారంతా ఆ పునుగునే చూస్తోంది. కార్ల వెనకనుంచి తలలు బయటికొచ్చాయి. వాచ్‌మన్ బుట్ట మూత పెట్టడం మర్చిపోయాడు. 401 మేడమ్ ఒళ్లో పొమరేనియన్ గింజుకుని, కిందికి దూకి, పరుగెత్తుకెళ్లి ఆ పునుగు తినేసింది. బుజ్జి దాన్ని వాసన చూసి ఊరుకుంది.

గార్డుగారి భార్య లేచి బుట్టలోంచి ఇంకోటి తెచ్చింది. పచ్చడి తుడిచి నేలమీద పెట్టింది. బుజ్జి ఆవిడ నోరు చూస్తూ కూర్చుంది.

"తిను నాన్నా," అంది ఆవిడ.

అప్పుడు తింది.

104 ఆవిడ ముక్కుమీద వేలేసుకుంది. "మా మనవడైనా అడగడమ్మా ఇలా," అంది. 402 ఆయన కారు వెనకనుంచి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఒక పిల్లాడు వచ్చి బుజ్జి తలమీద చెయ్యి వేశాడు. వాళ్లమ్మ వద్దనలేదు.

ఇక డాక్టరుగారి మాట చెవికెక్కింది. జర్మనీలో రోట్‌వైల్ అనే ఊళ్లో పశువుల్ని తోలడానికీ, మాంసం బళ్లు లాగడానికీ పెంచిన కుక్క అని చెప్పారు. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన గురించి చెప్పారు. అమెరికాలో పద్దెనిమిది వేలకు పైగా కుక్కల్ని లెక్కలోకి తీసుకుని చూస్తే, ఒక కుక్క నడతకూ ఇంకో కుక్క నడతకూ ఉన్న తేడాల్లో జాతి వల్ల వచ్చింది నూటికి తొమ్మిది పాళ్లు. నెదర్లాండ్స్‌లో 1993లో పిట్‌బుల్స్‌ను నిషేధించి, కాట్లు తగ్గలేదని 2008లో ఆ నిషేధం ఎత్తేస్తున్నట్టు అక్కడి ప్రభుత్వం ప్రకటించిన సంగతి చెప్పారు.

"అలాగని అజాగ్రత్త కూడదండీ," అన్నారు. "యాభై కిలోల కుక్క కరిస్తే గాయం పెద్దదే అవుతుంది. బయటికి తెస్తే గొలుసు ఉండాలి. ఏటేటా రేబిస్ టీకా వేయించాలి. ఏ కుక్క కరిచినా సరే, గీరుకున్నా సరే, సబ్బు పెట్టి పావుగంట సేపు నీళ్ల ధార కింద కడిగి ఆసుపత్రికి పరుగెత్తాలి. రోజంతా కట్టేసి, రాళ్లేసి, ఆకలితో మాడిస్తే ఏ కుక్కయినా కరుస్తుంది. ఎవరికి పుట్టిందని కాదు, ఎలా పెరిగిందని అడగాలి."

చప్పట్లు కొట్టారు. సెక్రెటరీగారు మినిట్స్ పుస్తకంలో ముందు రాసిన తీర్మానాన్ని అడ్డంగా కొట్టేశారు. దాని కింద కొత్తది రాసి, పైకి చదివారు. "పుట్టిన జాతిని బట్టి ఏ ప్రాణి మీదా వివక్ష చూపరాదని ఈ సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." అందరూ సంతకాలు పెట్టారు. 401 మేడమ్ కూడా పెట్టారు. వినాయక చవితికి తెప్పించిన శాలువాల్లో ఒకటి మిగిలి ఉంటే దాన్ని డాక్టరుగారికి కప్పి ఫొటో తీశారు. ఫొటోలో ఒక పక్క సెక్రెటరీగారు, ఒక పక్క గార్డుగారు, మధ్యలో డాక్టరుగారు, కింద బుజ్జి.

"మా కళ్లు తెరిపించారు సార్," అన్నారు సెక్రెటరీగారు. "ఇన్నాళ్లూ ఒక అమాయక ప్రాణిని అపార్థం చేసుకున్నాం."

జనం పలచబడ్డారు. డాక్టరుగారు స్కూటర్ దగ్గరికి వెళ్తూ ఆగారు. "గేటుకు టూలెట్ బోర్డు చూశానండీ. 302 అని ఉంది. ఎవరితో మాట్లాడాలి?"

"నాతోనే! అది మన ఫ్లాటే." సెక్రెటరీగారి మొహం విప్పారింది. "ఎవరికి?"

"మాకేనండీ. ఇంట్లోవాళ్లు ఇంకా బందరులోనే ఉన్నారు. పిల్లల పరీక్షలు కాగానే తీసుకొద్దామని. ప్రస్తుతం నేను బస్టాండు దగ్గర రూములో ఉంటున్నా."

"ఇంకేం! మీలాంటివారు మా మధ్య ఉంటే అంతకంటేనా? అద్దె పదిహేడు వేలు చెబుతున్నాం. మీకు పదహారు. అడ్వాన్సు మీ ఇష్టం." సెక్రెటరీగారు పునుగుల ప్లేటు డాక్టరుగారి ముందుకు జరిపారు. "ఇంతకీ సొంతూరు బందరేనా?"

"కాదండీ. అవనిగడ్డ దగ్గర."

"దివిసీమ! మా మేనత్తనిచ్చింది అటే. ఇంటిపేరేమన్నారు?"

డాక్టరుగారు చెప్పారు. ఆ ఇంటిపేరు రెండు మూడు రకాలవాళ్లలో ఉంది.

"నాన్నగారు ఏం చేసేవారు?"

"టీచరండీ."

"ఊళ్లో మీ ఇల్లు ఏ వైపు?"

"కాలవ అవతల."

సెక్రెటరీగారు ఒక పునుగు నోట్లో వేసుకుని నమిలారు. "ఏమనుకోకండి. నాకిలాంటి పట్టింపుల్లేవు. మా ఆవిడ అడుగుతుంది. మీరేమిట్లు?"

డాక్టరుగారు చెప్పారు.

గార్డుగారు పక్కనే ఉన్నారు. వంగి బుజ్జి గొలుసు సరిచేయడం మొదలుపెట్టారు.

"అరెరే," అన్నారు సెక్రెటరీగారు. "పొద్దున మా బావమరిది ఫోన్ చేశాడండీ. ఆ ఫ్లాటు వాడి స్నేహితుడెవరికో మాటిచ్చేశాడట. బుర్రలో లేదు చూడండి. ఇప్పుడే గుర్తొచ్చింది."

"పర్లేదండీ," అన్నారు డాక్టరుగారు. శాలువా మడిచి స్కూటర్ డిక్కీలో పెట్టుకుని వెళ్లిపోయారు.

ఏప్రిల్ 16న ఢిల్లీ హైకోర్టు కేంద్రం రాసిన ఉత్తరాన్ని కొట్టేసింది. సంబంధించినవాళ్ల అభ్యంతరాలు వినకుండా అలాంటి నిర్ణయం కుదరదంది. సెక్రెటరీగారు ఆ వార్తను గ్రూపులో పెట్టి, పైన ఒక వాక్యం రాశారు. "ఈ న్యాయం మన అపార్ట్‌మెంట్ నాలుగు వారాల ముందే చేసింది."

నలభై రెండు మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. 302 టూలెట్ బోర్డు అప్పటికింకా గేటుకే ఉంది.