మారేడుకాయ మార్కు నాణేలు

మా ఇంట్లో ఒక చార్మినార్ రూపాయి ఉండేది. నిజాం కాలపు వెండి. నాయనమ్మ పెట్టె అడుగున, ఎవరినీ ఏమీ అడగకుండా, ఎనభై ఏళ్లుగా నల్లబడుతూ పడి ఉండేది. మొన్న దసరాకు ఇల్లు దులుపుతూ మావాళ్లు దానికి చింతపండు పట్టించి, ఇటుకపొడి వేసి పీచుతో తోమారు. తళతళ!

హనుమకొండలో ఓ పాత నాణేల వ్యాపారికి చూపించాను. గుండు కొట్టించుకొచ్చిన పెళ్లికొడుకును చూసినట్టు చూశాడు. "గింతగనం తోముతరా సార్? ఇగ గిది ఉత్త వెండి ముక్క." వెండి ధరకే తీసుకున్నాడు. వారం తిరిగేసరికి అదే రూపాయి అద్దాల పెట్టెలో కూర్చుంది. అంచున నీలం, నడుమ నలుపు. పక్కన చీటీ: అరుదైనది. ధర నాలుగింతలు.

వారంలో ఎనభై ఏళ్లు ఎలా గడిచాయి? ఉడికిన కోడిగుడ్డు కోసి డబ్బాలో పెట్టాలి. పక్కన నాణెం ఉంచి మూత బిగించాలి. గుడ్డులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. అంతే, చరిత్ర రెడీ. రాగికైతే ఉప్పు, వెనిగర్, అమోనియా ఆవిరి. పచ్చగా కిలుం పడుతుంది. మరీ తొందరపడే మారాజులు బూట్ పాలిష్ రుద్దుతారు. అసిటోన్‌లో ముంచిన దూదితో తుడిస్తే ఆ పురాతన వైభవం దూదికే అంటుకుంటుంది. గుడ్డు నలుపు అలా పోదు. కానీ దాని కింద ఇటుకపొడి గీతలు దాగవు. భూతద్దం పెట్టేదెవరు?

మసిపూసి మారేడుకాయ చేయడమంటే సామెత అనుకున్నాం. కాదు, బోర్డు కట్టి నడిపే వ్యాపారం. తోమేది మనమే. తోమామని ఏడ్చేది మనమే. మసి పూసి పెడితే ఎగబడి కొనేదీ మనమే!

చట్టం లేదా? భేషుగ్గా ఉంది. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. అమ్మే వ్యాపారానికి లైసెన్సు కావాలి. 1878 నిక్షేపాల చట్టం ఇంకా గట్టిది. భూమిలో పది రూపాయలకు మించిన సొత్తు దొరికితే కలెక్టర్‌కు చెప్పాలి. పది రూపాయలు! ఇప్పుడు దానికి చాయ్ వస్తుందా? ఎవరు చెప్పారు? ఎవరు అడిగారు? అందుకే వ్యాపారి నాలుకకు రెండు పక్కలు. కొనేవాడి దగ్గర "కాకతీయులది సార్". పోలీసు దగ్గర "పిల్లలాడుకునే బిళ్ల సార్".

ఇంకొకాయన 1818 నాటి రామదర్బార్ నాణేన్ని గల్లాపెట్టెలో పెట్టి పూజ చేస్తాడు. ఈస్టిండియా కంపెనీ అలాంటి నాణెం వేయనే లేదు. ఇలాంటి బిళ్లలే చూపించి, బియ్యపు గింజల్ని లాగుతాయంటూ 'రైస్ పుల్లింగ్' ముఠాలు లక్షలు లాగేశాయి. పాత నాణేల బేరాల్లో తన పేరు వాడేవాళ్లను నమ్మొద్దని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు మొత్తుకుంది. విన్నదెవరు?

ఓరుగల్లుకు ఈ పూత కొత్తా? 1323లో కోట పట్టిన ఉలుగ్ ఖాన్ ఊరి పేరునే తోమేసి సుల్తాన్‌పూర్ అని పూసిపోయాడు. ఆనక ఢిల్లీ గద్దెనెక్కి, మహమ్మద్ బిన్ తుగ్లక్ హోదాలో ఇత్తడి, రాగి బిళ్లల్ని వెండి టంకాలుగా చలామణీ చేయమన్నాడు. ఇల్లిల్లూ టంకశాలైందని ఆనాటి చరిత్రకారుడు బరనీ వాపోయాడు. చివరికి తుగ్లక్ ఖజానాలోంచి అసలు సొమ్ము ఇచ్చి ఆ బిళ్లల్ని వాపసు తీసుకున్నాడు. ఆయన్ని దాదాపు ఏడు వందల ఏళ్లుగా పిచ్చి తుగ్లక్ అంటున్నాం. వాపసు ఇచ్చిన వ్యాపారిని ఒక్కణ్ణి చూపించండి!

నాణేలనే అనడమెందుకు? 2015లో కేంద్రం వారి 'హృదయ్' పథకంలో మనది వారసత్వ నగరమన్నారు. వీధి మొగన సిమెంటు తోరణాలు లేచాయి. రాయి రంగు పెయింటు పడింది. అసలు తోరణాలు నాలుగూ కోటలోనే ఉన్నాయి, ఎండకూ వానకూ.

సరే, నా రూపాయి సంగతి. చిన్నప్పుడు మా తమ్ముడు ఓ మినార్ మీద మేకుతో గీసిన గీత అలాగే ఉంది. అద్దంలోంచి వేలు పెట్టి చూపించాను. "ఇది మాదే కదన్నా?"

"మీదెట్లైతది సార్? మీది కొత్తగ మెరుస్తుండె. ఇది పాతది."