బావ బస్సు, అక్క మిక్సీ

తెలుగునాట మోటార్‌హోమ్ చరిత్ర ఎక్కడ మొదలుపెట్టాలని నన్నడిగితే ఎన్టీఆర్ దగ్గర మొదలుపెడతాను. 1982లో ఆయన ఒక పాత షెవర్లే వ్యానును చైతన్య రథంగా మార్పించుకొని, కొడుకు హరికృష్ణ స్టీరింగ్ పట్టగా రాష్ట్రమంతా తిరిగాడు. పైకెక్కితే సభ, లోపలికి దిగితే ఇల్లు, స్నానం రోడ్డు పక్కన. 1983 జనవరిలో ఆ బండి దిగి ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చున్నాడు. మా బావ కూడా బండినే ఇల్లు చేసుకున్నాడు. కాకపోతే ఆయన బండి కదలదు కాబట్టి ఏ కుర్చీ దాకా పోలేదు. తొర్రూరు అవతల, చెలకలో, బాయి కాడ వేపచెట్టు కింద ఆగింది.

బావ జీవితమంతా బస్సులు నడిపినవాడు. వరంగల్ నుంచి ఖమ్మం దాకా ఏ స్పీడ్‌బ్రేకర్ ఎక్కడుందో నిద్రలో అడిగినా చెప్తాడు. రిటైరయ్యాక ఊళ్ళో ఇల్లు కొడుకు కోడళ్ళకు వదిలేశాడు. యూట్యూబ్‌లో అమెరికా వాళ్ళు బస్సుల్లో కాపురాలు పెట్టే వీడియోలు రాత్రింబవళ్ళు చూశాడు. ఆఖరికి ఒక స్కూలు వాళ్ళు తుక్కు కింద అమ్మేస్తున్న పసుపుపచ్చ బస్సును కొనుక్కొచ్చాడు. "కరెంటు స్తంభంతోని సంబంధం లేకుంట బతుకుత బామ్మర్దీ" అని నాతో అన్నాడు. నేను ఏళ్ళ తరబడి పదో తరగతికి ఓం సూత్రం చెప్పిన సారును కాబట్టి, నా అనుమతి కూడా అడిగినట్టు లెక్క.

సోలార్ ప్యానెళ్ళతో, 24 వోల్టుల బ్యాటరీలతో ఇల్లు నడుపుతాడట అని ఊరు ఊరంతా చూడడానికి వచ్చింది. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్ళకు 2024 మార్చి నుంచి నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు బిల్లే లేదాయె. వ్యవసాయానికైతే 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటలూ ఉచితం. బాయి మోటరు స్టార్టరు డబ్బా బస్సు కిటికీలోంచి చెయ్యి చాపితే అందేటంత దూరంలో ఉంది. "సర్కారు పుణ్యానికి ఇస్తుంటే గీ తిప్పలేంది కాకా?" అని ఒకడు. "లో వోల్టేజి కావాల్నంటే ఎనుకట మా ఇంట్ల ఉండె, గప్పుడే రాకపోతివి" అని ఇంకొకడు. పక్క తండా నుంచి వచ్చిన పెద్దాయన మాత్రం బస్సు చుట్టూ ఒకసారి తిరిగి, తీరుబడిగా చుట్ట ముట్టించి అన్నాడు: "మా తాతలు ఎడ్ల మీద ఉప్పేసుకొని దేశాలు తిరిగి తిరిగి, అలసిపోయి తండా కట్టుకున్నరు. నువ్వు కట్టిన ఇల్లు ఇడిసిపెట్టి బండెక్కినవ్." మా మానుకోట జిల్లాలో ఈ మాట అనే హక్కు తండా వాళ్ళకే ఉంది.

కాగితాల సంగతి తొందరగా ముగిస్తాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి రూపు ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు, ముందు ఆర్టీఏ అనుమతి కావాలి. నిజంగా రోడ్డు మీద తిరిగే కారవాన్‌లకు ఏఐఎస్-124 అని వేరే ప్రమాణమే ఉంది. ఇరుసుల కింద బండరాళ్ళు పెట్టి టైర్లు ఊడదీశాక అది బండే కాదు, రేకుల షెడ్డు అని బావ వాదం. నేను వాదించలేదు.

కరెంటు దగ్గర మాత్రం ఆయన అదృష్టవంతుడు. పెద్ద బస్సులు, లారీలు సాధారణంగా 24 వోల్టుల మీద నడుస్తాయి, పన్నెండు వోల్టుల బ్యాటరీలు రెండు సీరీస్‌లో ఉంటాయి. కాబట్టి ఆ వోల్టేజీకి బల్బు, ఫ్యాను, హారను, ఫ్యూజు, ఏది కావాలన్నా "సెల్ఫ్, డైనమో, వైరింగ్ పనులు చేయబడును" అన్న బోర్డున్న చోట దొరుకుతుంది. అలాంటి ఒక షాపు పిలగాడు వచ్చి రెండు 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు, లారీల లైట్లు బిగించాడు. అమెరికా వీడియోల్లో ఖరీదైన పేర్లతో చూపించిన వస్తువులన్నీ మన లారీ డ్రైవర్ల నెత్తి మీద ఎప్పట్నుంచో ఉన్నాయని తెలిసి బావ కొంచెం చిన్నబుచ్చుకున్నాడు కూడా.

అసలు రగడ వేపచెట్టు దగ్గర మొదలైంది. ఎండాకాలంలో రేకుల బస్సు లోపల మనిషి ఉడికిపోతాడు, కాబట్టి బస్సు నీడలోనే ఉండాలని మా అక్క పట్టు. సోలార్ ప్యానెల్ బస్సు పైన ఎండలో ఉండాలని బావ పట్టు. ప్యానెల్ మీద ఒక మూలన కొమ్మ నీడ పడితే ఆ మూల ఒక్కటే తగ్గుతుందనుకుంటాం. లోపలి సెల్లులన్నీ ఒకే వరుసలో కలిపి ఉంటాయి కనుక ఆ నీడ ప్యానెల్‌లో పెద్ద భాగాన్నే పడుకోబెడుతుంది. బావ గొడ్డలి చేతిలోకి తీసుకుంటే, అక్క చెట్టుకు వీపు ఆనించి నిలబడ్డది. "చెట్టు నరికి కరెంటు చేసి, ఆ కరెంటుతోని ఫ్యాను తిప్పుకొని, చెట్టు గాలి అనుకుంటవా?" అన్నది. పర్యావరణం మీద నేను చదివిన వ్యాసాల్లో ఇంత సూటి వాక్యం లేదు.

చెట్టు గెలిచింది. 330 వాట్ల ప్యానెళ్ళు రెండూ ముప్పై మీటర్ల దూరంలో, ఎండపొడ మీద, ఇనుప స్టాండుకు ఎక్కాయి. ఇక్కడే లో వోల్టేజి తన గుణం చూపించింది. ప్యానెళ్ళను ప్యారలల్‌లో కట్టి, ఆరు స్క్వేర్ ఎంఎం రాగి తీగ లాగారు. మిట్టమధ్యాహ్నం 18 ఆంపియర్లు ఆ తీగలో పోను రాను ప్రయాణం చేస్తే దారిలోనే 3.3 వోల్టులు రాలిపోతున్నాయి. అంటే 60 వాట్లు తీగను వెచ్చబెట్టడానికే! తక్కువ కరెంటు తాగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు దర్జాగా తిరిగే కరెంటు అది. నేను బోర్డు లేకుండానే పాఠం చెప్పాను: సీరీస్‌లో కట్టండి, వోల్టేజి రెట్టింపై కరెంటు సగమవుతుంది, నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది, బ్యాటరీ దగ్గర ఎంపీపీటీ కంట్రోలర్ దాన్ని మళ్ళీ దించుకుంటుంది. షాపు పిలగాడు శ్రద్ధగా విని, "గట్లనే కట్టాల్నని మొదటిరోజే జెప్పిన సార్, కాకనే వద్దన్నడు" అన్నాడు.

ఇంతలో ఇంట్లో రాజ్యాంగం తయారైంది. బావ డ్రైవరు సీటు వెనకాల అట్టముక్క మీద రాసి తగిలించాడు: ఇస్త్రీ పెట్టె బంద్, గీజరు బంద్, మిక్సీ బంద్. మొదటి రెండింటికీ అర్థముంది. వేడి పుట్టించే వస్తువులు బ్యాటరీలను తాగేస్తాయి. రెండు వేల వాట్ల ఇండక్షన్ పొయ్యి 24 వోల్టుల మీద 83 ఆంపియర్లు అడుగుతుంది, అందుకు తీగలు బొటనవేలంత లావుండాలి. అందుకే వంట గ్యాసు మీదనే సాగింది, దాన్ని గురించి మాట్లాడొద్దని బావ నాకు ముందే సైగ చేశాడు. కానీ మిక్సీ? 750 వాట్లు కాబట్టి గుర్రుమనగానే కంట్రోలర్ మీద అంకెలు కిందికి దూకుతాయి, బావ గుండె వాటితో పాటే దూకుతుంది. అక్క రోలు తెప్పించుకొని, మూడు పూటలా పచ్చడి నూరింది. నూరినంతసేపూ ఆ దంచుడుకు బావకు ముద్ద దిగేటట్టు లేదు.

అయినా పొద్దున లేచేసరికి బ్యాటరీ నీరసంగానే ఉంటున్నది. మిక్సీ లేదు, ఇస్త్రీ లేదు, రాత్రి ఒక ఫ్యాను, ఒక లైటు. ఎవరు తింటున్నట్టు? బావకు మొదట మనుమడి ఫోను చార్జరు మీద, తర్వాత కప్పల మీద, చివరికి బ్యాటరీలు అమ్మినవాడి మీద అనుమానం వచ్చింది. షాపు పిలగాడి దగ్గర డీసీ క్లాంప్ మీటర్ తెచ్చి, అన్నీ ఆపేసి, తీగ మీద ఒక్కొక్క చోట పట్టి చూశాను. సీటు కింద, టీవీ కోసమని పెట్టిన ఇన్వర్టర్ దగ్గర ముల్లు దొరికింది. దాని మీద ఏ లోడూ లేదు. చిన్న పచ్చలైటు వెలిగించుకొని మెల్లగా మూలుగుతున్నది. ఉత్తగా కూర్చోవడానికే 0.8 ఆంపియర్లు. ఇరవై నాలుగు గంటలకు 460 వాట్-అవర్లు, ఇంచుమించు అర యూనిట్. బ్యాటరీల్లో పాడుకాకుండా వాడుకోగలిగినదే 1,800. అక్క అయిదు నిమిషాలు మిక్సీ తిప్పితే, నష్టాలు కలుపుకున్నా 70 దాటదు. అంటే ఇన్వర్టర్ ఒకరోజు ఊరకుంటే పోయే కరెంటుతో ఆరు రోజుల పచ్చడి!

మద్రాసు ఐఐటీలో అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం ఈ రోగాన్ని ఎప్పుడో పట్టుకుంది. ఇన్వర్టర్ అన్నదే లేకుండా 48 వోల్టుల డీసీతో ఇల్లు నడిపే పద్ధతి తయారుచేసి, రాజస్థాన్‌లో జోధ్‌పూర్, జైసల్మేర్ వైపు కరెంటు లేని నాలుగు వేల ఇళ్ళలో పెట్టారు. ఇంటికి 125 వాట్ల ప్యానెల్ ఒక్కటే. మామూలు ఫ్యాను 75 వాట్లు తాగేచోట 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను. 2017లో 48 వోల్టుల డీసీకి ఐఎస్ 16711 అని భారతీయ ప్రమాణం కూడా వచ్చింది. మరి బావ బస్సులో ఇన్వర్టర్ ఎందుకున్నట్టు? ఆయన రోజూ సాయంత్రం నాలుగు గంటల సేపు చూసే టీవీ కోసం. ఆ టీవీ అరవై వాట్లు. ఈ లెక్క కూడా నేను అక్క ఎదుటనే చేశాను, అది బంధుత్వానికి మంచిదో కాదో తర్వాత చూసుకోవచ్చు.

అక్క అట్టముక్క పీకి, వెనక్కి తిప్పి, కొత్తగా ఒకటే గీత రాసింది: టీవీ బంద్. మిక్సీని బస్సు నడిమధ్యలో, ఒకప్పుడు పిల్లల బ్యాగులు పెట్టే పలక మీద ప్రతిష్ఠించింది. ఇన్వర్టర్‌కు విడిగా స్విచ్ పెట్టించి, ఆ స్విచ్ తన చెయ్యి అందే చోట బిగించమన్నది. పిలగాడు స్క్రూ తిప్పుతుంటే బావ మంచం మీద పడుకొని పైకప్పు చూస్తూ, ఇంకా చాయ్ రాలేదేమని అడిగాడు.

"ఏ పని లేకున్నా తినుకుంట కూసునేటియి ఈ బస్సుల రెండున్నయి తమ్మీ," అన్నది అక్క నాతో. "ఒకదానికైతే స్విచ్ దొరికింది."